ఎత్తు తెలియడానికి

“ఎడమకి జరుగు. ఇంకా. గోడకి ఆనుకోకు, నీడ పడుతుంది.”

రాజ్యం జరిగింది. ఎదురెండ. ఒళ్ళంతా కప్పిన నల్ల అబాయా భుజాల మీద కాలుతోంది. తల మీది గుడ్డ గాలికి జారిపోతుంటే చేత్తో పట్టుకుంది.

“చెయ్యి దించు.”

దించింది. గుడ్డ మెడ మీదికి జారిపోయింది.

“నవ్వమంటారా?”

“అక్కర్లేదు. మొహం ఎలాగూ కనపడదు. ఎత్తు తెలియడానికేగా నిన్ను నిలబెట్టింది.”

ఆమె భర్త ఉమామహేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేసి, మోకాలు వంచి, కెమెరా తెర మీదికి ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సౌదీలో రాస్ తనూరా రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు ఆయన. ఏ సెలవు దొరికినా ఏదో ఒక ఊరు చూసి రావడం, వచ్చాక అక్కడి తెలుగువాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆ ఊరి ఫోటోలు వేసి చూపించడం ఆయన అలవాటు. ఈ ఈద్ సెలవులకి నజ్రాన్ వచ్చారు. యెమెన్ సరిహద్దు దగ్గర, ఖర్జూరపు తోటల మధ్య మట్టితో కట్టిన మేడలున్నాయని ఎవరో చెబితే.

మేడ రాజ్యం వీపు వెనకుంది. కారు దిగినప్పుడు ఒకసారి చూసింది. నాలుగంతస్తులు. కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడింది. ఒక వరస మట్టి ఆరాక దాని మీద ఇంకో వరస పెట్టినట్టు గోడ చుట్టూ గీతలు. మూలల దగ్గర ఆ గీతలు చీర అంచు ఎత్తిపట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. కిటికీల చుట్టూ తెల్లటి సున్నం పట్టీలు. ఇంకాసేపు చూద్దామనుకునేలోగా ఆయన “అక్కడికెళ్ళి నుంచో” అన్నాడు. ఫోటో తీయించుకోవాలంటే దేనికైనా వీపు తిప్పాల్సిందే.

“బాబాయ్ గారూ,” అంది సుజిత కారు పక్క నుంచి. “ఇక్కడ ఇళ్ళకి కెమెరా పెడితే ఊరుకోరండి. లోపల ఆడవాళ్ళుంటారు.”

సుజిత అక్కడి ఆసుపత్రిలో నర్సు. రేపల్లెలో రాజ్యం పుట్టింటి వీధి చివర ఉండే కాంపౌండరు భూషణం గారి కూతురు. తెలిసినవాళ్ళు కుటుంబంతో వచ్చారని చెబితే హాస్టల్ వాళ్ళు బయటికి పంపించారు.

“ఇది హెరిటేజ్ అమ్మా. ప్రపంచమంతా తీస్తారు,” అన్నాడాయన తల తిప్పకుండా. “నువ్వు ఇంజెక్షన్ల సంగతి చూసుకో.”

సుజిత మేడ కిటికీల వైపు చూసింది.

ఆయన మరోసారి మీట నొక్కాడు. అప్పుడే మేడ తలుపు తెరుచుకుంది.

ముప్పై ఐదేళ్ళుంటాయి అతనికి. కాళ్ళదాకా వేలాడే తెల్ల థోబు మీద నడుముకి వెడల్పాటి పట్టా, పట్టాలో వంకీ కత్తి. చెప్పుల్లేకుండానే వచ్చేశాడు. రాజ్యాన్ని దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి పోయి, కెమెరా మీద చెయ్యి వేశాడు. గొంతు పెద్దదేం కాదుగాని ప్రతి మాటా రాయి వేసినట్టు పడుతోంది.

“హెరిటేజ్, హెరిటేజ్. టూరిస్ట్. నో ప్రాబ్లమ్,” అన్నాడు ఉమామహేశ్వరరావు. ఆఫీసులో పనికొచ్చే అరబ్బీ మాటలు నాలుగైదు కలిపాడు. అవతలివాడి మొహం మారలేదు. ఇంటి పై భాగం వైపు వేలు చూపించి ఏదో అడిగాడు.

“మిద్దె మీద వాళ్ళావిడ బట్టలారేస్తోందటండి. ఆవిణ్ణి తీశారా అని అడుగుతున్నాడు,” అంది సుజిత దగ్గరికి వస్తూ.

“నేనెందుకు తీస్తాను?” ఆయన గొంతు సన్నగా అయింది. అతను ఇఖామా, అక్కడుండే పర్మిటు కార్డు, చూపించమన్నాడు. పోలీసుల మాట కూడా ఏదో అన్నాడు, అది సుజిత చెప్పకుండానే అందరికీ అర్థమైంది. ఉమామహేశ్వరరావు నుదురు తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. చటుక్కున చెయ్యెత్తి రాజ్యం వైపు చూపించాడు.

“మదామ్! మదామ్ వాంట్ ఫోటో. నాట్ మీ. మదామ్.”

రాజ్యం నిలబెట్టిన చోటే నిలబడి ఉంది. ఆ నాలుగు మాటలు అర్థం కావడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కత్తి పెట్టుకున్న మనిషి వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. ఆమె గబుక్కున తల గుడ్డ పైకి లాక్కుంది.

అతను కెమెరా లాక్కుని బొమ్మలు ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూడసాగాడు. సుజిత అతని మోచేతి పక్కన నిలబడి “లేదు, ఎవరూ పడలేదు” అని సర్దిచెబుతోంది. తన ఇంటి బొమ్మలు అయిపోయాయి. పక్క వీధి మేడలు అయిపోయాయి. అతను ఆగలేదు. ఇస్తాంబుల్‌ పెద్ద మసీదు వచ్చింది. కైరో కోట వచ్చింది. సింగపూర్‌ మేడలు వచ్చాయి. అతని బొటనవేలు నెమ్మదించింది. ఒక బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు, తర్వాత దాన్నీ, ఇంకోదాన్నీ. తలెత్తి రాజ్యం కేసి చూశాడు. ఈసారి చూపులో కోపం లేదు. సుజితని ఏదో అడిగాడు.

సుజిత తల దించుకుంది.

“ఏమంటాడు?” అన్నాడు ఉమామహేశ్వరరావు.

“ఏం లేదండి. ఇవన్నీ ఎక్కడ తీశారని.”

అతను తన ఇంటి ఫోటోలు చెరిపేసి కెమెరా ఆయన చేతిలో పెట్టాడు. ఇంక పొమ్మన్నట్టు చెయ్యి ఊపుతుండగా, పైనుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. కిటికీలో మనిషి కనపడలేదుగానీ సుజిత పేరు మాత్రం కనపడ్డంత స్పష్టంగా వినిపించింది.

“సిస్టర్ సుజీ!”

సుజిత మొహం విప్పారింది. “మా వార్డులో ఉండేది పిన్నీ. కాలి పుండు. రోజూ నేనే కట్టు కట్టేదాన్ని. ఇల్లు ఇదని నాకు తెలీదు.”

పైనుంచి ముసలావిడ కేకలు ఆగలేదు. కింద కొడుకు రెండు మాటలు ఎదురు చెప్పి, మూడో మాటకి ఊరుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ పైకి రావాలట. మగాయన కింద మజ్లిస్‌లో, మగవాళ్ళ గదిలో, కూర్చోవచ్చట, కహ్వా కాఫీ ఇస్తారట.

“నాకేం అక్కర్లేదు,” అన్నాడు ఉమామహేశ్వరరావు. “పది నిమిషాల్లో కిందికి రా.” ఆ వెంటనే గొంతు తగ్గించి, “మెట్లు, పైకప్పు దూలాలు, గోడ మందం అన్నీ చూసిరా,” అన్నాడు.

*

లోపల అడుగుపెట్టగానే ఎండ ఆగిపోయింది. కాసేపు రాజ్యానికి ఏమీ కనిపించలేదు. అరచెయ్యి గోడకి ఆనించింది. గోడ చల్లగా, కొంచెం గరుగ్గా ఉంది. ఆ చల్లదనం వదలబుద్ధి కాక గోడ పట్టుకునే మెట్లెక్కింది. మెట్లు ఒకదానికొకటి సమంగా లేవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ప్రతి మెట్టు నడుమా కాళ్ళు పడీ పడీ గుంటలా అరిగింది. మలుపు తిరిగినప్పుడల్లా గోడలో పిడికిలి పట్టేంత కన్నం, దానిలోంచి వెలుగు, తోట గాలి.

కింది అంతస్తులో గింజల బస్తాలు, పాత ఫ్రిజ్జు, పిల్లల సైకిలు. ఆ పైన పరుపుల గది. అన్నిటికంటే పైన ముసలావిడ గది.

ముసలావిడ పరుపు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. సుజితని దగ్గరికి లాక్కుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. రాజ్యం చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కోడలు మాత్రం గుమ్మంలోనే నిలబడింది. పేరు నూరా. పాతికేళ్ళుంటాయేమో, చేతులు తడిగా ఉన్నాయి. మిద్దె మీద బట్టలారేసింది ఆవిడే కాబోలు. ఆవిడ సుజితని సూటిగా ఏదో అడిగింది.

“ఎందుకు తీస్తారు మా ఇంటి ఫోటోలు అంటోంది పిన్నీ. రియాద్‌ నుంచి కూడా వస్తారట. అందంగా ఉంది అందంగా ఉంది అని కింద నిలబడి తీసుకుని పోతారట. వానొస్తే కప్పు కారుతుంది, నీళ్ళ డబ్బాలు ఇన్ని మెట్లెక్కించి మోసుకురావాలి, వాళ్ళొచ్చి మోస్తారా అంటోంది.”

రాజ్యం తల అడ్డంగా ఊపింది. “నేను తీయలేదని చెప్పు,” అంది.

సుజిత చెప్పింది. నూరా పెదవి విరిచింది. నువ్వే తీయమన్నావటగా అన్నట్టు చూసింది. కింద ఆయన అన్న మాట ఇంత పైకీ వినపడిందన్నమాట. రాజ్యం చెవులు వేడెక్కాయి.

“నేను తీయమనలేదు,” అంది తెలుగులోనే, నూరా వైపే చూస్తూ. “నేనెప్పుడూ తీయమనలేదు.”

సుజిత మళ్ళీ చెప్పింది. నూరా కాసేపు రాజ్యం మొహం చూసింది. వెళ్ళి కహ్వా కూజా, ఖర్జూరాల పళ్ళెం తెచ్చి నేల మీద పెట్టింది. రోడ్డవతల సిమెంటు ఇల్లు కట్టమని మొగుణ్ణి పోరుతోందట. అత్త బతికుండగా అతను కదలడట. అదంతా అత్త ఎదుటే చెప్పింది. అత్త కూడా ఊరుకోలేదు, రెండు అంటించింది. ఇద్దరి మధ్యా సుజిత అటో మాట ఇటో మాట మోస్తూ నవ్వాపుకుంటోంది.

ఈ గదిలో కిటికీలు నేలకి జానెడు ఎత్తులోనే ఉన్నాయి. నిలబడితే వాటిలోంచి ఏమీ కనపడదు. కూర్చుంటే ఊరంతా కనపడుతుంది. కూర్చునేవాళ్ళ కోసం పెట్టిన కిటికీలు. ముసలావిడ కిటికీ పక్క దిండు సర్ది, ఇక్కడికి రా అన్నట్టు తట్టింది. రాజ్యం జరిగి కూర్చుని, చట్రం మీద మోచెయ్యి ఆనించింది. చట్రం మీద సున్నం, లెక్కలేనన్ని మోచేతులు ఆని, నున్నగా మెరుస్తోంది. ఖర్జూరాల తలలు, వాటి మధ్య కాలవ, అవతల ఎర్రటి కొండ. కింద వీధిలో కారు. కారు చుట్టూ ఆయన తిరుగుతున్నాడు. పైనుంచి తలా భుజాలూ తప్ప ఏమీ కనపడడం లేదు.

“అమ్మాయ్,” అంది రాజ్యం కిందికి చూస్తూనే. “ఇందాక అతను నిన్నడిగింది ఎక్కడ తీశారని కాదు గదా.”

“వద్దులే పిన్నీ.”

“చెప్పు.”

సుజిత గ్లాసు కింద పెట్టింది. “‘ఈవిడ ఏం తప్పు చేసింది? ఏ ఊళ్ళో చూసినా అంత దూరాన నిలబెట్టాడు’ అని అడిగాడు పిన్నీ.”

ఏమిటది అని నూరా అడిగితే ఆవిడ మొగుడు అన్నదేమిటో సుజిత ఆవిడకీ చెప్పింది. నూరా నవ్వలేదు. గుమ్మం వదిలి వచ్చి, రాజ్యం గ్లాసు తీసుకుని మళ్ళీ నింపి, ఆమె చేతికే అందించింది.

కింద హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. రాజ్యం గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

*

సుజితని హాస్టల్ దగ్గర దింపాక ఆయన మొదలుపెట్టాడు.

“ఎంతసేపు? అడుక్కునేవాడిలా వీధిలో నిలబెట్టావు. సరే, చెప్పు. మెట్లు దేంతో కట్టారు?”

రాజ్యం అద్దంలోంచి బయటికి చూస్తోంది.

“నిన్నే. దూలాలు ఖర్జూరమా, ఇంకేదన్నానా? ఏ అంతస్తులో ఏముంది?”

“అతనికి నన్నెందుకు చూపించారు?”

“ఎవరికి?”

“ఫోటో నేను తీయమన్నానని.”

“ఓహో, అదా. ఆడవాళ్ళ పేరు చెబితే వీళ్ళు గొడవ పడరు. ఆ మాత్రం ఇంగితం ఉండాలి.”

“పడితేనో?”

“పడలేదుగా!” స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. “ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళన్నీ తిప్పుతున్నాను నిన్ను. ఏ మొగుడు తిప్పుతాడు? ఒక్క ఇంట్లోకి వెళ్ళొచ్చి నాలుగు ముక్కలు చెప్పడం చేతకాదు. అసలు చూడ్డం వస్తే గదా నీకు!”

రాజ్యం ఇస్తాంబుల్‌ పెద్ద మసీదు లోపల ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రావడానికి లోపలికి వెళ్ళలేదు. వెలుగు పోతోందని ఆయన నాలుగు వైపుల నుంచీ తీశాడు, అంతలో నమాజు వేళైంది, చూడ్డానికొచ్చినవాళ్ళని లోపలికి రానివ్వలేదు. కైరోలోనూ అంతే. ఆమె చూసింది ఎప్పుడూ కెమెరానీ, దాని వెనక ఆయన నడినెత్తినీ.

విమానంలో ఆయన ఆమె వైపు తిరగలేదు. ఆమె కూడా తిరగలేదు.

*

గురువారం సాయంత్రం భరణి ఇంట్లో అందరూ చేరారు. భరణి కూడా రిఫైనరీ మనిషే. అతని భార్య చరిత గోడకి తెల్ల దుప్పటి కట్టి, సోఫాలు వెనక్కి జరిపి, నేల మీద జంపఖానాలు పరిచింది. ముందు భరణి కౌలాలంపూర్‌ వీధులు చూపించాడు. రాత్రిపూట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతారనీ, వానలో కూడా ఎవరూ లేవరనీ చెబుతున్నాడు.

“మురిక్కాలవ పక్కన కూర్చుని తినడం మన దగ్గర లేదా? దానికి అంత దూరం పోవాలా?” అన్నాడు ఉమామహేశ్వరరావు.

భరణి నవ్వేసి మిగతావి గబగబా తిప్పేశాడు. నెల్లూరు నుంచి వచ్చిన ఫార్మసిస్టు ఖాజావలి డమాస్కస్‌ పాత బజారు కప్పు గురించి చెప్పబోయాడు. రేకుల కప్పుకి చిన్న చిన్న చిల్లులుంటాయనీ, పగలే నక్షత్రాలు చూసినట్టుంటుందనీ.

“తుప్పు, ఖాజావలి గారూ. దాన్ని తుప్పంటారు. నేను ఇన్‌స్పెక్షన్‌ వాణ్ణి, నాకు చెబుతారా?”

ఖాజావలి కూర్చున్నాడు. ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. ఉమామహేశ్వరరావు లేచి ప్రొజెక్టర్‌కి తన లాప్‌టాప్‌ తగిలించాడు.

నజ్రాన్‌ మేడలు దుప్పటి మీద లేచాయి. ఒక్కో మేడ కింద మూలలో నల్లగా, నిలబెట్టిన వేలంత, రాజ్యం. ఆయన చేతిలో పొడుగు స్కేలు. దాంతో గోడ మీద చూపిస్తూ ఎత్తూ వాలూ చెబుతున్నాడు. రాజ్యం వెనక వరసలో, వంటింటి గుమ్మం పక్కన, టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

“లోపలికి వెళ్ళారా అంకుల్?” అడిగింది చరిత.

“వెళ్ళకేం? ఇంటాయన పిలిచి కూర్చోబెట్టి కహ్వా ఇచ్చాడు.” స్కేలు దించాడు. “బయటి సోకేగానీ లోపలేం లేదమ్మా. చీకటి కొట్టు. మేకల కంపు. కూలే మెట్లు. ఇంత నూనె డబ్బుండీ మట్టిలో పొర్లాడుతున్నారు. ఒక పిచ్చి ముసలిది, అది కేకలు వేస్తూంటే...”

కొందరు నవ్వారు.

“కంపేం లేదు,” అంది రాజ్యం.

గొంతు చిన్నదే. ముందు వరసవాళ్ళు వినలేదు. ఆయన విన్నాడు.

“నీకు జలుబుగా,” అన్నాడు. ఈసారి ఎక్కువమంది నవ్వారు.

రాజ్యం పళ్ళేన్ని బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

“మీరు లోపలికి రాలేదు గదండీ,” అంది. “కారు దగ్గరే ఉన్నారు. వెళ్ళింది నేనూ సుజితా.”

నవ్వులు ఆగిపోయాయి. చరిత వెనక్కి తిరిగింది. ఆమెతో పాటు ఒక్కొక్కరే తిరిగారు.

“రాజ్యం, టీ ఇవ్వు అందరికీ,” అన్నాడు ఉమామహేశ్వరరావు.

“ఆ ఇంటాయన మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టలేదు. ఫోటోలు తీసినందుకు పోలీసులకి చెబుతానన్నాడు. మీరు నన్ను చూపించారు.” చేతులు చీర కొంగులో చుట్టుకుంది. “అతను కెమెరా తీసుకుని అన్ని ఊళ్ళ ఫోటోలూ చూశాడు. చూసి సుజితనొక మాట అడిగాడు. మీకు ఆ పిల్ల చెప్పలేదు, నాకు చెప్పింది. ‘ఈవిడ ఏం తప్పు చేసింది, ఏ ఊళ్ళో చూసినా అంత దూరాన నిలబెట్టాడు’ అని.”

భరణి ఏదో అనబోయి దగ్గాడు.

“పల్లెటూరివాడు. వాడికేం తెలుసు ఫోటోగ్రఫీ!” ఆయన చటుక్కున మీట నొక్కాడు. మరో మేడ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఇంకో మేడ. పోల్చి చూపిద్దామని పెట్టుకున్న కైరో కోట వచ్చింది. స్కేలు ఎత్తి బురుజు మీద పెట్టాడు. కాని గదిలో కళ్ళన్నీ దుప్పటి కింది మూల మీదే ఉన్నాయి. కోటగోడ మొదట్లో, ఎండలో, మొహం తెలియని మనిషి. ఇస్తాంబుల్‌ వచ్చింది. అందరూ అక్కడా ముందు కింది మూలే వెతికారు. ఎవరో ఆడమనిషి “అయ్యో” అంది, పైకే.

ఆయన స్కేలు బల్ల మీద పడేసి ప్రొజెక్టర్‌ ఆపేశాడు.

*

ఇంటికి పోయేటప్పుడు కారులో, “డిసెంబర్లో ఏథెన్స్‌కి నేనొక్కణ్ణే పోతాను,” అన్నాడు.

“వెళ్ళండి.”

ఆమె బతిమాలుతుందని కాసేపు చూశాడు. గేటు దాకా చూశాడు. తర్వాత తలుపు గట్టిగా వేసి లోపలికి పోయాడు.

శుక్రవారం ఉదయం టిఫిను ప్లేటు తీసుకుని టీవీ గదిలోకి వెళ్ళి వార్తలు పెట్టుకున్నాడు. చట్నీ కావాలని గోడకి చెప్పినట్టు చెప్పాడు. రాజ్యం చట్నీ గిన్నె తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి వచ్చేసింది.

పదవుతుండగా చరిత వచ్చింది. టీవీ గది వైపు చూసి, అంకుల్‌ని పలకరించాలా వద్దా అని ఒక క్షణం ఆగి, నేరుగా వంటింట్లోకి వచ్చేసింది. చిన్న బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

“రాత్రంతా అదే ఆలోచన ఆంటీ. ఆ ఇల్లు లోపల ఎలా ఉంది?”

“ఏం చెప్పను? నాకు లెక్కలు రావు. దూలాలేమిటో చూడలేదు.”

“దూలాలెవరిక్కావాలి? మీరేం చూశారో చెప్పండి.”

రాజ్యం పొయ్యి ఆపేసింది. చేతులు కడుక్కుని తుడుచుకుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక కుడి అరచేతిని చూసుకుంది.

“లోపలికి వెళ్ళగానే ఏమీ కనపళ్ళేదమ్మా,” అంది. “గోడ పట్టుకున్నాను. ఎంత చల్లగా ఉందనుకున్నావు! బయట ఆ ఎండేమిటి, ఇదేమిటి అనిపించింది...”

పక్క గదిలో వార్తలు చదివే అమ్మాయి గొంతు ఉన్నట్టుండి తగ్గింది. ఇంకా తగ్గింది. చివరికి ఏమీ వినిపించలేదు. ప్లేటు మీద చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది.

చరితకి అర్థమై తలుపు వైపు చూసింది. రాజ్యం అటు చూడలేదు. తన కుర్చీ ఎత్తి చరిత పక్కకి జరుపుకుని, దగ్గరగా వంగి, ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, మొదటి మెట్టు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.